అడగకుండా పెట్టే సంచి

నా నోరు మంచిది కాదని మా అమ్మ నా చిన్నప్పుడే వాడకట్టంతా చాటింది. కూరలో ఉప్పెక్కువైందంటే పడతాను, చీర నప్పలేదంటే పడతాను. నేను చేసిన పనికి వంక పెడితే మాత్రం కోపం ముక్కు మీదే ఉంటుంది. తొంభైల్లో నల్గొండలో కంప్యూటర్లు నేర్పే రోజుల్లో అలా నా పనికి ఒక పెద్దమనిషి వంక పెట్టారు. ఆయనకు దిమ్మతిరిగే జవాబు చెప్పాలని వారం రోజులు మాటలు కూర్చుకున్నాను. వాటిలో ఒక్కటి కూడా ఆయనకు చెప్పలేదు. ఎందుకు చెప్పలేదో రాయాలని చాలా ఏళ్లుగా అనుకుంటున్నాను.

గడియారం చౌరస్తాకు దగ్గరగా ఒక బట్టల దుకాణం మీది అంతస్తులో మా సెంటరు ఉండేది. దాని యజమాని ముస్లిం పెద్దాయన, అందరికీ భాయ్‌సాబ్. అంతకుముందు చాలా ఏళ్లు టైపు నేర్పారు. టైపు మిషన్లు అమ్మేసి కంప్యూటర్లు కొన్నారు గానీ, పిల్లల వీపు వెనక నిలబడి వేళ్లు సరిగ్గా పడుతున్నాయా లేదా అని చూసే అలవాటు మాత్రం పోలేదు. ఊళ్ల నుంచి వచ్చే పిల్లలకు లెక్క వచ్చు, తెలివి ఉంది గానీ, ఇంగ్లీషు మాట కనబడగానే నోట్లో తడి ఆరిపోయేది. అందుకని ఆయనా నేనూ కూర్చుని ఒక చిన్న కంప్యూటర్ భాష తయారు చేశాం. అక్షరాలు ఇంగ్లీషువి, మాటలు మనవి. 'చూపు' అంటే తెర మీద చూపిస్తుంది, 'అడుగు' అంటే అడుగుతుంది, 'ఆగు' అంటే ఆగుతుంది. గొప్ప భాషేం కాదు. పొద్దున కూర్చున్న పిల్ల మధ్యాహ్నానికల్లా తన పేరును తెర మీద నడిపించేది. మాకు అదే పండగ.

భాయ్‌సాబ్ నార్కట్‌పల్లి, కట్టంగూర్, కేతేపల్లిలో ఒక్కొక్క గది చూసి ఒక్కొక్క మిషను పెట్టారు, ఒక్కొక్క టీచరును పెట్టారు, ఫీజులు వాళ్లకే. నార్కట్‌పల్లిలో తారీఖుల లెక్క రాస్తే, దాని మీద కేతేపల్లిలో క్యాలెండర్ రాసేవాళ్లు. ఒకరి పని ఇంకొకరికి కావలసి వచ్చేది. ఇవన్నీ సర్దడానికి నేనొక ప్రోగ్రాం రాశాను. దాని పేరు సంచి. అందులో పెట్టే ఒక్కొక్క పనికి ముల్లె అని పేరు పెట్టాం, చేనుకు తీసుకుపోయే సద్దిముల్లెలాగా. క్యాలెండర్ కావాలని సంచిని అడిగితే అది క్యాలెండర్ ముల్లెను, దానికి కావలసిన తారీఖుల ముల్లెను, దానికి కావలసిన మరొకదాన్ని వెతికి తెచ్చి మిషన్లో పెట్టేది. ఇలాంటివి ఇవాళ ప్రపంచమంతా ఉన్నాయి. ఆ రోజుల్లో మాత్రం అది నాకొక్కదానికే తట్టిందనుకుని మురిసిపోయాను. కాకిపిల్ల కాకికి ముద్దు.

ఇంటర్నెట్టు గురించి అప్పటికి పేపర్లో చదవడమే. మా ముల్లెలు తిరిగింది ఎర్రబస్సులో, స్టీలు డబ్బాలో. ఫ్లాపీలు ఎండకు వంగిపోతాయని, దుమ్ము పడుతుందని భాయ్‌సాబ్ తమ ఇంట్లోంచి ఒక చదరపు టిఫిన్ డబ్బా తెచ్చారు. అందులో ఊరికొక ఫ్లాపీ. డ్రైవరుకు అప్పజెబితే నార్కట్‌పల్లిలో ఇచ్చేవాడు, అక్కడి నుంచి ఇంకో బస్సులో కట్టంగూర్, తర్వాత కేతేపల్లి, మళ్లీ అదే దారిన మా దగ్గరికి. ఏ ఊరి టీచరైనా మిగతా ఊళ్ల ఫ్లాపీలను తన మిషనుకు చూపించాలి, తన కొత్త ముల్లెలను తన ఊరి ఫ్లాపీలో పెట్టాలి, డబ్బాను ముందుకు పంపాలి. ఫ్లాపీలో ఏముంటే అది సంచి తీసుకునేది.

మా దిక్కు ఎవరి గిన్నెనూ ఖాళీగా తిరిగివ్వరు. కూర పంపిన గిన్నెలో చిటికెడు చక్కెరైనా, నాలుగు పచ్చిమిరపకాయలైనా వేసి ఇస్తారు. ఉత్త గిన్నె చేతిలో పెడితే ఇచ్చినవాళ్లకూ పుచ్చుకున్నవాళ్లకూ మంచిది కాదని నమ్మకం. డబ్బా కూడా గిన్నే కదా. కేతేపల్లి నుంచి ఫ్లాపీల కింద గుప్పెడు పల్లీలు వచ్చేవి, కట్టంగూర్ నుంచి కాగితంలో చుట్టిన బెల్లం ముక్క వచ్చేది. నార్కట్‌పల్లి సారు ఒక్కరే డబ్బాను లోపల తుడిచి, ఉత్తదే పంపేవారు. ఆయన కోస్తా నుంచి వచ్చిన మనిషి, లెక్కల మాస్టారుగా రిటైరై కూతురి దగ్గర ఉండేవారు. బెల్లానికి చీమలు వస్తాయని, చీమలు ఫ్లాపీల్లో దూరతాయని ఆయన గోల. చాదస్తం అనుకుని నవ్వుకునేవాళ్లం.

నెలకొక ఆదివారం టీచర్లంతా నల్గొండకు వచ్చేవాళ్లు. ఎండలు ముదురుతున్న ఒక ఆదివారం మిర్చీ బజ్జీలు తెప్పించుకుని తింటున్నాం. సారు తినకుండా నా వైపు తిరిగారు.

"అమ్మాయ్, ఏమీ అనుకోకు. అడగనిదే అమ్మయినా పెట్టదంటారు. నీ సంచి అడక్కుండానే పెడుతోంది."

"ఏం పెట్టింది సార్?"

"ఎక్కాల ముల్లె అడిగాను. దాంతోపాటు గీతలు గీసేది వచ్చింది, తారీఖులది వచ్చింది. సరే, దానికి కావాలేమో అనుకున్నాను. ఎవరు కట్టారో తెలియనిది కూడా ఒకటి వచ్చి కూర్చుంది. విప్పి చూద్దామంటే నువ్వేసిన ముడి విడదు. తీసేస్తే పోతుంది, మళ్లీ డబ్బా రాగానే వచ్చేస్తుంది. తలుపుల్లేని ఇల్లు కట్టావమ్మా నువ్వు."

నా చెవులు వేడెక్కాయి. ఒకరి రాతను ఇంకొకరు చెడగొట్టకూడదని, ముల్లె కట్టాక లోపలిది కనబడకుండా చేసింది నేనే. అది నా తెలివి అనుకుంటున్నాను, ఆయన దాన్నే తప్పంటున్నారు.

"మీ మిషనుకే ఏదో అయినట్టుంది సార్. నా మిషన్ల గిట్లాంటిది ఎన్నడు కాలేదు" అన్నాను.

"సాయంత్రం ఆరింటికి ఎప్పుడైనా చూశావా?"

చూడలేదు. మా వీధికి ఆ వేళ కరెంటు పోయేది. మిషన్లు కట్టేసి, చాయ్ తాగి, ఎనిమిదింటికి మళ్లీ పెట్టేవాళ్లం.

"మిషనుదే లోపమనుకుని ఇన్నాళ్లూ చెప్పలేదు. ఆరింటికి నా మిషను పిలుస్తోంది" అన్నారు సారు.

భాయ్‌సాబ్ నవ్వారు. "దేనికి పిలుస్తది సార్, చాయ్‌కా?"

సారు నవ్వలేదు. "ఏ పనిలో ఉన్నా సరే, తెరంతా నల్లగా అయిపోతుంది. మధ్యలో ఒక్క వరుస వస్తుంది. 'ఎవరొచ్చిన్రు?' అని. ఇక కదలదు. జవాబు కోసం చూస్తూ ఉంటుంది."

కేతేపల్లి టీచరు ఇంకా చిన్నపిల్ల, ఆ ఏడే చేరింది. చేతిలోని మిర్చీని మెల్లగా ప్లేటులో పెట్టేసింది.

"అక్క, మాదాంట్ల గూడ అడుగుతాంది" అంది. "చెప్తే పిల్లలు రారని నేను ఎవ్వలకు చెప్పలె. అయినా ఎట్లనో ఎర్కైంది. ఒక పిల్ల వాళ్లమ్మ వచ్చి మిషను పక్కకు సుద్దతోని 'రేపు రా' అని రాసిపోయింది. పొద్దుగూకేటి బ్యాచికి ఎవ్వలొస్తలేరిప్పుడు."

ఆ రోజుల సంగతి తెలియనివాళ్లకు చెప్పాలి. ఊళ్లల్లో ఒక భయం తిరుగుతుండేది. పొద్దుగూకాక ఒక ఆడమనిషి గడప ముందుకు వచ్చి, మనకు తెలిసినవాళ్ల గొంతుతో పిలుస్తుందని, పలికినవాళ్లు మంచాన పడతారని. తలుపుల మీద 'రేపు రా' అని బొగ్గుతోనో సుద్దతోనో రాసుకునేవాళ్లు. ఆమె రోజూ వచ్చి అది చదువుకుని, సరే రేపొద్దామని పోతుందట. చదువుకున్న దయ్యమే, మన సెంటర్లో చేర్పిద్దామని నేనే ఎగతాళి చేసేదాన్ని. అయితే ఒక్క పిలుపుకు పలకొద్దన్న మాట మా ఇళ్లల్లో అంతకు చాలా ముందు నుంచీ ఉంది. చిన్నప్పుడు అవ్వ నా నోటి మీద చెయ్యి అడ్డం పెట్టేది, రెండోసారి పిలిచేదాకా.

"మరి నువ్వేం జవాబు కొట్టినవు?" అని అడిగాను.

"అమ్మో! దానికి పేరు చెప్పాల్నా? వైరు గుంజేసిన" అంది కేతేపల్లి పిల్ల.

"మీరు సార్?"

"నేను పిలవనివాళ్లతో నేను మాట్లాడను. ఆపేస్తాను" అన్నారాయన. తర్వాత గొంతు తగ్గించి, "ఇదెక్కడి నుంచి వస్తోందో తేలేదాకా డబ్బాను నా దగ్గరే ఆపుతాను. నా ఊరు దాటి పోదు. నువ్వు తేల్చలేకపోతే ఇక డబ్బానే వద్దు" అన్నారు.

డబ్బా ఆగితే సంచి లేదు. నాలుగు ఊళ్ల పని ఎక్కడిదక్కడ ఎండిపోతుంది. భాయ్‌సాబ్, "జర సబర్ పట్టుండ్రి సార్, చూస్తది పిల్ల" అన్నారు గానీ ఆయన చూపు కూడా నా మీదే ఉంది. కట్టంగూర్ టీచరమ్మ ఉంటే నా పక్షాన మాట్లాడేదనుకున్నాను. ఆమె మెత్తటి మనిషి, నేను అరిస్తే నవ్వేది. కొన్ని నెలలుగా ఆదివారాలకు రావడం లేదు. మోకాళ్ల నొప్పులతో భాయ్‌సాబ్ కూడా అటు పోలేదు. వాళ్లమ్మకు కళ్ల ఆపరేషన్ అయిందని చెప్పి ఉండింది కాబట్టి, ఇల్లు కదల్లేకపోతోందనుకున్నాం. డబ్బా వస్తోంది, బెల్లం వస్తోంది, ఇక బెంగేముంది?

ఆ వారమంతా జవాబులు కూర్చుకున్నాను. స్నానం చేస్తూ ఒకటి, రిక్షాలో పోతూ ఒకటి. తలుపుల్లేని ఇల్లన్నారు కదా, తలుపులుంటే నాలుగు ఊళ్లు ఒక్కటయ్యేవా అని అడగాలనుకున్నాను. నేను పెట్టింది తిని అరగకపోతే నా వంటది తప్పా అని అడగాలనుకున్నాను. చెడ్డ ముల్లె ఎవరో కడితే మోసుకొచ్చిన సంచిని తిడతారా, ఉత్తరంలో చావు వార్త ఉంటే పోస్టుమాన్‌ను కొడతారా అన్నది నాకు అన్నిటికన్నా నచ్చింది. అద్దం ముందు రెండుసార్లు అని చూసుకున్నాను కూడా. అలా గట్టిగా తయారై, ఒక మధ్యాహ్నం నార్కట్‌పల్లి బస్సెక్కాను.

సారు గది హైదరాబాదు రోడ్డుకు ఆనుకుని ఉండేది. లారీ పోయినప్పుడల్లా కిటికీ అద్దాలు చప్పుడు చేసేవి. నేను నోరు తెరవకముందే ఆయన కుర్చీ చూపించి, "జవాబు తర్వాత చెబుదువు గానీ, ముందు చూడు" అన్నారు. ఆయన ఊరికే తిట్టలేదు, లెక్కల మనిషి కదా. ఒక్కొక్క రోజు ఒక్కొక్క ఊరి ఫ్లాపీని మాత్రమే మిషనుకు చూపించి పరీక్ష చేశారు. నల్గొండది పెట్టిన రోజు పిలుపు లేదు. కేతేపల్లిది పెట్టినప్పుడూ లేదు. కట్టంగూర్‌ది పెట్టిన సాయంత్రం వచ్చింది.

"ఇవాళ కూడా అదే పెట్టాను. కూర్చో" అన్నారు.

ఎండ మెత్తబడి, దూరంగా గుట్ట మీది బండలు ఎర్రబడ్డాయి. ఇద్దరం తెర ముందు కూర్చున్నాం. లారీల మధ్యలో మిషను సన్నటి రొద వినిపిస్తోంది. ఆరైంది. తెర ఒక్కసారిగా నల్లబడింది, గదిలో వెలుతురు కూడా కొంచెం తగ్గినట్టనిపించింది. తర్వాత మధ్యలో ఆ వరుస వచ్చింది. ఎవరొచ్చిన్రు?

ఇది నా భాష. 'అడుగు' అన్న మాట నేను పెట్టిందే, అది ఎలా అడుగుతుందో నాకు తెలుసు. ప్రశ్న పక్కన మిణుకుమంటున్న ఆ చిన్న గీత కూడా నేను రాసిందే. అయినా అది ఊరికే పడిన అక్షరాల వరుసలా లేదు. నేను వచ్చినట్టు ఎవరికో తెలిసి అడిగినట్టు ఉంది.

"కానీ, చెప్పు. నీ సంచే కదా" అన్నారు సారు.

చేతులు మీటల మీదికి తీసుకుపోయాను. నా పేరులోని మొదటి అక్షరం మీద వేలు ఆనింది, నొక్కడానికి మాత్రం రాలేదు. సారు నా వంక చూసి మిషను ఆపేశారు. ఆయన ఏదైనా ఎత్తిపొడిచి ఉంటే తిరిగి అనేదాన్ని. అనలేదు. పోస్టుమాన్ మాట గొంతులోనే ఉండిపోయింది.

తర్వాత ఆయన కట్టంగూర్ ఫ్లాపీని మళ్లీ పెట్టి చూపించారు. ఆఖరున ముల్లె కట్టిన తారీఖు దసరా ముందుది. అప్పటి నుంచి అందులో ఒక్క అక్షరం మారలేదు. నెలల తరబడి అదే ఫ్లాపీ, అదే ముల్లె, తిరిగి తిరిగి వస్తోంది. మేం తీసేసినప్పుడల్లా సంచి మళ్లీ పెడుతోంది.

సారు డబ్బాలోంచి ఒక కాగితపు పొట్లం తీశారు. పోయినసారి డబ్బాలో కట్టంగూర్ నుంచి వచ్చిందట. చీమలు పట్టాయని తీసి పక్కన పెట్టారట.

"బెల్లం మాత్రం కొత్తదమ్మా" అన్నారు. "అక్కడ పని చేసేవాళ్లు లేకపోతే, ఈ బెల్లం ఎవరు పెడుతున్నారు?"

మర్నాడు మధ్యాహ్నం ఇద్దరం కట్టంగూర్ పోయాం. డబ్బా సారు చేతిలో ఉంది. బస్సు దిగుతుంటే స్టాపు దగ్గరి హోటలు పందిరి కింద ఒక పెద్దమ్మ కనబడింది. మందపాటి కళ్లద్దాలు, ముతక చీర. ఆమె దిగేవాళ్లను చూడటం లేదు, డ్రైవరు కిటికీ వైపు చెయ్యి చాపి నిలబడింది. డ్రైవరు లేదన్నట్టు తల ఊపాడు. అప్పుడు ఆమె ఇటు తిరిగి సారు చేతిలోని డబ్బాను చూసింది. మా మొహాలు చూడలేదు. వచ్చి డబ్బాను రెండు చేతులా అందుకుంది.

"వచ్చిందా. ఇన్నొద్దులు ఏమాయె దీనికి?" అంది.

"అమ్మా, టీచరమ్మ ఏది?" అని అడిగాను.

ఆమె మమ్మల్ని అప్పుడు చూసింది. హోటలతను చాయ్ పోస్తున్నవాడల్లా ఆగిపోయాడు.

"మీరు నల్గొండ నుంచొచ్చిన్రా?" అంది. "పాండ్రి, ఇంటికి పోదాం."

ఇంటి పక్కనే గది. మేం బూజు పట్టి, తాళం తుప్పు పట్టి ఉంటుందనుకున్నాం. గడప ముందు అలికి ముగ్గేసి ఉంది. లోపల నేల ఊడ్చి ఉంది, పిల్లలు కూర్చునే స్టూళ్లు గోడకు వరుసగా ఉన్నాయి. మిషను మీద ఆకుపచ్చ చీర ఒకటి మడత పెట్టి కప్పి ఉంది. ఆ చీర నేనెరుగుదును. ఆదివారాలకు కట్టుకొచ్చేది.

"దసర పోయినంక జరమొచ్చింది" అంది తల్లి, నిలబడే. "నెత్తికెక్కిందన్నరు. పట్నం దవాఖానకు తోల్కపోయిన. పోయేటప్పుడు బస్సెక్కి పోయింది బిడ్డ. కిటికీ దగ్గర కూసున్నది. వచ్చేటప్పుడు..." అని ఆపి, మిషను మీది చీర అంచు సరిచేసింది.

ఒక మనిషి చనిపోయి ఇన్ని నెలలైతే, ఆమె ఊరి బెల్లం తింటూ ఆమె బాగుందనుకున్నాం. ఏడుపు వచ్చింది, కోపం కూడా వచ్చింది, ఎవరి మీదో తెలియలేదు.

"మాకెందుకు చెప్పలేదమ్మా?"

"చెప్తే డబ్బ పంపుతరా మీరు?" అంది ఆమె, ఆ మాత్రం తెలియదా అన్నట్టు. "దాన్ల ఏముంటదో నాకెర్కలేదు బిడ్డ. నల్లటియి నాలుగు పలకలుంటయి. నేను ముట్ట. ఉత్తది పంపొద్దని ఇంత బెల్లం పెట్టి డ్రైవర్‌కిస్త. డబ్బ పోతాంటే, వస్తాంటే, నా బిడ్డ పని నడుస్తాందనిపిస్తది. గది కిరాయిది గాదు, మాదే. మరి మిషిని మీది. తీస్కపోతరా?"

మిషను సాయంత్రం ఏదో అడుగుతోందని, అందుకే వచ్చామని నేనే ఆమెకు మెల్లగా చెప్పాను. టీచరమ్మ అది దేనికి కట్టి ఉంటుందో అని కూడా అన్నాను.

"పొద్దుగూకంగనా? ఆ యాళ్లకు గదిల ఉండేది గాదు గద. నా కండ్లు కోసిన్రు గద, సుక్కలేస్తందుకు ఇంట్లకు ఉరికొచ్చేది. నాకు సుక్కలేసి, జరసేపు కండ్లు మూసుకొమ్మని చెప్పి మల్ల పోయేది. అప్పటికే పిల్లలొచ్చి కూసునేది."

సారూ నేనూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. ఆరింటి బ్యాచి పిల్లలు వచ్చేసరికి టీచరమ్మ ఉండదు. తన బదులు మిషను పలకరించడానికి ఆ అమ్మాయి తన ఒక్క గది కోసం కట్టుకున్న ముల్లె అది. ఆ నెల కొత్తగా పంపడానికి ఏమీ లేకపోయి ఉంటుంది. ఉత్త ఫ్లాపీ పంపడానికి మనసొప్పక, చేతికందిన దాన్నే పెట్టి పంపింది. మా దిక్కు పుట్టిన పిల్ల ఇంకేం చేస్తుంది? ఇది ఒక్క గదిదా, నాలుగు ఊళ్లదా, ఎవరు కట్టారు, పెట్టమంటారా వద్దా అని సంచి అడగాలి. అడగలేదు. సారు అన్న ప్రతి మాటా నిజమే. ఆ నిజం అక్కడ నిలబడి ఒప్పుకోవడానికి నాకు ఏ కష్టమూ కాలేదు.

డబ్బా సంగతి ఇక్కడే చెప్పేస్తాను. తర్వాత సంచిని మార్చాను. ఏ ముల్లె వచ్చినా కట్టినవాళ్ల ఊరు, పేరు చూపించి, పెట్టాలా అని అడిగి, సరేనంటేనే పెట్టేలా చేశాను. ముడి విప్పి లోపల చూసే వీలు కూడా పెట్టాను. కేతేపల్లి పిల్లలు మెల్లగా తిరిగి వచ్చారు. డబ్బా ఆగలేదు. మళ్లీ నార్కట్‌పల్లి నుంచి కట్టంగూర్‌కు పంపింది సారే, నేను చెప్పకముందే. కట్టంగూర్ ఫ్లాపీని ఎవరూ చెరపలేదు, ఎవరూ ఏమీ రాయలేదు. మిషను కూడా ఆ గదిలోనే ఉంది, భాయ్‌సాబ్ దాని గురించి ఎన్నడూ ఎత్తలేదు. ఇదంతా తర్వాతి మాట. ఆ రోజు మేమింకా ఆ గదిలోనే ఉన్నాం, పొద్దు వాలుతోంది, మిషను తీసుకుపోతారా అని ఆమె అడిగినదానికి మేమిద్దరం ఇంకా జవాబు చెప్పలేదు.

ఆమె కూడా మళ్లీ అడగలేదు. వేరే మాట అడిగింది.

"మీ మిషిన్లల్ల అడుగుతదంటిరి. నా ఇంట్ల ఉన్నదాన్ని నేను ఒక్కపారి గూడ ఇనలె. నాకు పెట్టరాదు. జర పెట్టుండ్రి బిడ్డ, ఏమడుగుతదో."

సారు చీరను తీసి, మడత చెడకుండా స్టూలు మీద పెట్టారు. మీట నొక్కారు. ఇన్ని నెలల తర్వాత లేస్తుందో లేదో అనుకున్నాను. కొంచెం గురగురమని, లేచింది. ఆమె దీపం వెలిగించి గూట్లో పెట్టి వచ్చింది. ముగ్గురం తెర ముందు నిలబడ్డాం. బయట బర్రెలు ఇంటికి వస్తున్నాయి, ఎవరో అదిలిస్తున్నారు. తర్వాత ఆ చప్పుడు కూడా ఆగింది.

తెర నల్లబడి, మధ్యలో ఆ ఒక్క వరుస వచ్చింది.

"ఏమంటాంది?" అంది ఆమె, గుసగుసగా.

"ఎవరొచ్చిన్రు అని అడుగుతోందమ్మా" అన్నారు సారు.

ఆమె మిషను మీదికి వంగింది. చెవిటివాళ్లకు చెప్పినట్టు గట్టిగా, "నేనే బిడ్డ. అమ్మను" అంది.

సారు కుర్చీలో కూర్చుని ఆ మాటను అలాగే కొట్టారు, ఒక్కొక్క అక్షరం వెతికి వెతికి. నాలుగు ఊళ్లల్లో ఇంతవరకూ దానికి ఎవరూ జవాబివ్వలేదు. జవాబిస్తే ఏం చేస్తుందో మాలో ఎవరికీ తెలియదు. గీత కాసేపు మిణుకుమంది. మొదటి వరుస కింద ఇంకో వరుస వచ్చింది.

సారు చదివి, కళ్లద్దాలు తీసి చేతిలో పట్టుకున్నారు. ఆమె నా వైపు చూసింది. చదవక తప్పలేదు.

"కూసో. ఇప్పుడే వస్త."

ఆమె తల ఊపింది. గోడ దగ్గరి స్టూలు లాక్కుని కూర్చుంది. మిషనుకు వీపు పెట్టి, తలుపు దిక్కు తిరిగి, చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. రోడ్డు మీద మా బస్సు హారన్ కొట్టి, కాసేపు ఆగి, వెళ్లిపోయింది. సారు లేవలేదు. నేనూ కదల్లేదు, ఆ తలుపు వైపే చూస్తూ నిలబడ్డాను.